మూడోసారి అడిగితే

మొన్న వట్లూరు వైపు ఆస్పత్రిలో మోకాలికి కట్టుతో మంచం మీద పడి ఉన్నాను. నర్సమ్మాయి వచ్చి నా ముందు ఒక అట్ట పెట్టింది. దాని మీద వరసగా గుండ్రటి మొహాల బొమ్మలు. ఈ చివరిది నవ్వుతోంది, ఆ చివరిది ఏడుస్తోంది. "తాతగారూ, మీ నొప్పి ఇందులో ఏ బొమ్మలా ఉందో వేలు పెట్టి చూపించండి" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఎనభై దాటిన మనిషి లోపలి సంగతంతా అప్పడాల్లాంటి నాలుగు మొహాల్లో సర్దేశారా? ఏదీ కాదమ్మా అన్నాను. రెండోసారి అడిగింది. కాదన్నాను. ఆ పిల్ల తప్పేముంది, డ్యూటీ. విసుక్కోకుండా మూడోసారి అడిగింది. అప్పుడు ఆమె పెన్ను ఏ బొమ్మ దగ్గర ఆగి ఉందో చూసి అక్కడే వేలు పెట్టాను. రాసుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఏలూరు ప్లీడరుగారే నా కళ్ళ ముందు. పేరు రాయను. తన పేరున్న బోర్డు తనే గుమ్మం మీంచి ఊడదీసుకున్న మనిషిని నేను మళ్ళీ వీధిలోకి లాగను.

మాది కాలవగట్టున వలనూలు, తాళ్ళు, లాంతర్లు అమ్మే కొట్టు. నాన్న పోవడంతో మూడో ఫారంలో బడి మానేసి గల్లాపెట్టె ముందు కూర్చున్నాను. ప్లీడరుగారి ఇల్లు ఎదురు సందులో. ఒకరోజు బావి చేదకి తాడు కొనడానికి వచ్చారు. నేను అప్పుడే బస్తా తడిపేసిన బండివాణ్ణి నాలుగు తిట్టి కూర్చుని ఉన్నాను. ఆయన తాడు సంగతి వదిలేసి గొడుగు బల్లకి ఆనించి అడిగారు.

"ఏమోయ్ శెట్టీ, నీకు కోపం వచ్చిందని నీకెలా తెలిసింది?"

"వచ్చింది కాబట్టి తెలిసిందండి."

"వచ్చిందని చెప్పిందెవరు?"

"నేనేనండి."

"అయితే కక్షిదారువీ నువ్వే, సాక్షివీ నువ్వే. ఏ కోర్టు నమ్ముతుందోయ్ నిన్ను?"

తాడు మర్చిపోయి వెళ్ళిపోయారు. సాయంత్రం నేనే తీసుకెళ్ళి ఇచ్చి, వచ్చేటప్పుడు ఒక పుస్తకం చంకన పెట్టుకొచ్చాను. నా చదువు అలా మొదలైంది. ఏ కాలేజీ గుమ్మమూ తొక్కలేదు. ఆ ఇంటి వరండా తొక్కాను, అంతే.

మనిషి పొట్టి. నల్లకోటు ఎండకి గోధుమరంగుకి తిరిగింది. ఎప్పుడు చూసినా కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టు మీద ఉండేవి. తన నాడి తనే చూసుకుంటూ నడిచేవారు. ఒకసారి వంతెన మీద ఎడ్లబండి ఆయన మీదకి వచ్చేసింది. పక్కకి దూకి, బండివాడు లబలబలాడుతుంటే వాణ్ణి పట్టించుకోకుండా నాతో అన్నారు: "చూశావా, ముందు కాళ్ళు కదిలాయి. భయం ఆ తరవాత నడుచుకుంటూ వచ్చింది." మనకి దుఃఖం వచ్చి ఏడుస్తామా, ఏడ్చాక అది దుఃఖమని తెలుస్తుందా అని అమెరికాలో ఒకాయన తిరగేసి అడిగాడట. మాకు మూడు రోజులు అదే గోల.

ఆయన చెప్పే తీరే వేరు. తత్వశాస్త్రం చరిత్రంతా ఆయనకి ఒక పాత దావా. గ్రీకుల్లో ఒక జట్టు, కోపమంటే ఒక అభిప్రాయం, అదీ తప్పుడు అభిప్రాయం అని వాదించింది. నాకు అన్యాయం జరిగింది, తిరిగి బాధపెట్టడం న్యాయం అని మనసు సంతకం పెడితేనే అది కోపం, సంతకం పెట్టకపోతే ఉత్త ఉడుకు. ఇంకో జట్టు, కాదు, తగినవాడి మీద తగినంత కోపం మంచిదే అంది. మన వైపు తర్కం చెప్పే న్యాయశాస్త్రం వాళ్ళొచ్చి, ఒక తలపు కలిగితే అది కలిగిందని తెలియడానికి ఇంకో తలపు కావాలన్నారు. అక్కర్లేదు, దీపాన్ని చూడ్డానికి వేరే దీపం ఎందుకు అని ఎదుటి పక్షం. "దీపం కింద చీకటి సంగతి మాత్రం ఎవడూ సరిగ్గా వాదించలేదోయ్. రెండువేల ఏళ్ళుగా వాయిదాలే. తీర్పు లేదు" అని నవ్వేవారు.

ఒకసారి తాడేపల్లిగూడెం రీడింగు రూములో కోపం మీద ఉపన్యాసమిచ్చారు. కోపాన్ని దూరం నుంచే వస్తున్నప్పుడు గుర్తుపట్టాలి, గుర్తుపడితే సగం పోతుంది అన్నారు. తిరుగు రైల్లో ఎవరో లావాటాయన ఈయన గొడుగు మీద కూర్చుని పుల్లలు విరిచేశాడు. ప్లీడరుగారు మణికట్టు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. దెందులూరు వస్తుండగా నా చెవిలో అన్నారు: "పూళ్ళ దాకా రాలేదు శెట్టీ. భీమడోలు దాటాక వచ్చింది." ఆ లావాటాయన అప్పటికే భీమడోలులో దిగిపోయాడు.

ఆయన భార్య లేని మనిషి. ఇల్లు చూసేది వితంతువైన అక్కగారు. ఆవిడకి తమ్ముడి పాండిత్యం మీద ఏ భ్రమా లేదు. "వాడికి ఆకలేస్తోందో లేదో వాడికి తెలీదు నాయనా. నేను ఆకు వేస్తే తెలుస్తుంది" అనేది. వడ్డనలో ఆవిడది గోదావరి పద్ధతి. ఇంకొంచెం వెయ్యమంటారా అంటే, వద్దండీ అనాలి. మళ్ళీ అడిగితే చాలండీ అనాలి. మూడోసారి అడిగాక కూడా వద్దంటే అది పొగరు. వడ్డించేవాళ్ళ చెయ్యి వెనక్కి పంపినట్టు. మా కొట్లో కూడా ఇదే నడిచేది. దాచడమెందుకు, కొల్లేటి మనిషి రెండు కండెలు చాలండీ అంటే, చాలా? చాలా? నిజంగా చాలా? అని మూడుసార్లు అడిగితే మూడోది కూడా పట్టుకెళ్ళేవాడు. అవసరమై కాదు. అడిగినవాడి మాట తీసెయ్యలేక.

ప్లీడరుగారు ఎదుటివాళ్ళ మనసుల్ని కూడా అందరి ముందూ విప్పేవారు. ఓ ఆదివారం వరండాలో నలుగురు కూర్చుని ఉండగా, నేను పుస్తకాలకి దండం పెట్టి అరలో పెట్టడం చూసి, "శెట్టీ, నీది గౌరవమనుకుంటున్నావా? బాగా చూసుకో. అది అసూయ. చదువుకున్నవాళ్ళ మీద" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇది ఇక్కడ ఎందుకు రాశానో చివర చెబుతాను.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాది. కొల్లేట్లో ఒక లంక గ్రామం నుంచి మా దగ్గర నూలు కొనే సత్తియ్య అనే అతను చిక్కుల్లో పడ్డాడు. కలిదిండి వైపు ఆసామీ ఒకడు నీటిదారికి అడ్డంగా గట్టు వేయిస్తుంటే గొడవైంది. కూలికి వచ్చిన మనిషి ఒకడు పార ఎత్తి సత్తియ్య దోనెలోకి దిగాడు. సత్తియ్య చేతిలో దోనె నడిపే గెడ ఉంది. కొట్టాడు. ఆ మనిషి నాలుగోనాడు ఆస్పత్రిలో పోయాడు. పార ఎత్తాడని కొందరు, ఎత్తలేదని కొందరు సాక్షులు. సత్తియ్యని బెయిలు మీద ప్లీడరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది నేనే.

కేసంతా ఒక్క మాట మీద ఉంది. ప్రాణభయంతో కొడితే ఒక చట్టం, కోపంతో కొడితే ఒక చట్టం. ఏ ప్లీడరైనా ఏం చేస్తాడు? భయమేసిందని చెప్పరా అంటాడు, అయిపోయింది. ఈయన అలా నేర్పడం పాపమన్నారు. మనిషి తన లోపల చూసుకుని తనకి తెలిసిందే చెప్పాలి, అందుకు తోవ చూపించడమే నా పని అన్నారు. సత్తియ్యని వరండాలో కూర్చోబెట్టుకుని ఒక ఉదయమంతా మాట్లాడారట. నేను లేను. కొట్లో ఉన్నాను.

కోర్టులో ఉన్నాను. జడ్జిగారు అడిగారు, ఎందుకు కొట్టావని. సత్తియ్య చేతులు కట్టుకుని, "కోపమొచ్చి కొట్టానండి" అన్నాడు. అని, పాఠం ఒప్పజెప్పిన పిల్లాడిలా ప్లీడరుగారి వైపు చూశాడు.

ఐదేళ్ళు వేశారు. రాజమండ్రి జైలు.

ఇక్కడే నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. ప్లీడరుగారు కుంగిపోలేదు. మొహం వెలిగిపోయింది! అపీలు రాస్తూనే, ఏలూరు కోర్టులో ఒక మనిషి తన హృదయం తను చూసుకుని నిజం చెప్పడం ఇదే మొదటిసారి అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పారు. ఆ నెలలోనే సత్తియ్య భార్య మా కొట్టుకి వచ్చింది. నూలు కొనలేదు. స్తంభం పక్కన నిలబడి ఒక్కటే అడిగింది: "అది ఆయన మాటేనంటారా అండీ? ఆరోజు ఇంటికొచ్చాక రెండు రోజులు వణుకుతానే ఉన్నాడండి. అన్నం ముద్ద చేతిలో నిలబడలేదు." మంచినీళ్ళిచ్చి పంపాను.

ఆ వారమే ప్లీడరుగారు భోజనానికి పిలిచారు. అక్కగారు వడ్డిస్తోంది. ఆయన ఉత్సాహంగా ఆ ఉదయం సంగతి చెప్పుకొచ్చారు. మొదట అడిగితే సత్తియ్య, "ఆయ్, భయమేసిందండి" అన్నాడట. అది పైపై మాట అని ఈయనకి అనుమానం. భయమంటే ఏమిటో, కోపమంటే ఏమిటో తేడా చెప్పి, బాగా చూసుకుని చెప్పమని మళ్ళీ అడిగారట. "భయమేనేమోనండి" అన్నాడట. "చూశావా, ఏమో అన్నాడు! అక్కడ తలుపు తెరుచుకుంది" అన్నారు ప్లీడరుగారు. మూడోసారి అడిగితే, తల వంచుకుని, "కోపమేనండి" అన్నాడట.

సరిగ్గా అప్పుడు అక్కగారు నా ఆకు ముందుకి పెరుగు గిన్నె తెచ్చింది. వద్దండీ అన్నాను. చాలండీ అన్నాను. మూడోసారికి చెయ్యి తీశాను, వేసింది. నేను ప్లీడరుగారిని అడిగాను.

"ఇప్పుడు నేను పెరుగెందుకు వేయించుకున్నానండీ?"

"ఇంకా ఆకలుండి."

"లేదండి. మూడోసారి అడిగారని."

ఆయన నవ్వబోయారు. నేను ఆగలేదు.

"సత్తియ్యా అంతేనండి. పెద్దవారు మూడుసార్లు అడిగారంటే మొదట చెప్పింది తప్పని అతను అనుకున్నాడు. మీరు విన్నది అతని మనసు కాదండి. మర్యాద."

అక్కగారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ప్లీడరుగారు తన మణికట్టు మీంచి వేళ్ళు తీసేశారు. ఆ వేళ్ళు మళ్ళీ అక్కడికి వెళ్ళడం నేను చూడలేదు. ఆకులో మజ్జిగన్నం అలాగే వదిలి లేచారు.

అపీలు పైకోర్టు కొట్టేసింది. నిందితుడు తన నోటితో తనే చెప్పాడు కదా అన్నారు. ప్లీడరుగారు బోర్డు తీసేశారు. నేను చెప్పదలుచుకున్నది ఆ తరవాతి మనిషి సంగతి. ఆయన ప్రశ్నలు అడగడం మానేశారు. అవును, పూర్తిగా. కొట్టు ముందు నుంచి వెళుతూ, బాగున్నావా అనేవారు కాదు. "బాగున్నావు" అని వెళ్ళిపోయేవారు. ఊళ్ళోవాళ్ళు మతి చలించిందనుకున్నారు. భోజనాల్లో మూడోసారి కూడా వద్దనేవారు. పెళ్ళివారికి కోపాలు వచ్చాయి. వియ్యాలవారొకరు మా వంట అంత చేదా అని దెప్పారు. అక్కగారు ఇంట్లో తలబాదుకునేది: "వద్దంటే వద్దేనట! ఇదేం బుద్ధిరా, మనింటా వంటా లేదు." ఆయన వద్దంటే వద్దే. ఆ ఒక్క మనిషి మాట మాత్రం నమ్మొచ్చు అన్నట్టు. ఆ పట్టుదలలో కూడా ఎంత చదువరి గర్వం ఉందో చూడండి. నాకు అప్పుడూ ఒళ్ళు మండేది.

అప్పుడప్పుడు నా దగ్గర మాత్రం నోరు విప్పేవారు. తప్పు చేశామనిపించడం ఏ రకం భావమో పుస్తకాల్లో వెతుకుతున్నానన్నారు. చేసిన పని గురించిన బాధా, మంచివాణ్ణనుకున్న తన బొమ్మ పగిలినందుకు బాధా? రెండోదైతే దాంతో సత్తియ్యకేం పని? ఏదో తేలాక రాజమండ్రి వెళ్ళి అతన్ని చూస్తానన్నారు. "తేలేదాకా అతను లోపలుండాలాండీ?" అన్నాను. వెళ్ళి క్షమించమని అడగండి అన్నాను. అప్పుడు ఆయన అన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"మూడోసారి దాకా కూడా అక్కర్లేదు శెట్టీ. ఒకటోసారికే క్షమిస్తాడు. ఆ క్షమ తెచ్చుకుని ఎక్కడ పెట్టుకోను?"

వెళ్ళలేదు.

సత్తియ్య మంచి నడత మీద ముందే విడుదలై వచ్చాడు. సన్నబడ్డాడు, తల నెరిసింది. తామరాకుల కట్ట ఒకటి తెచ్చి, పిల్లలకి భోజనాలకి అని నాకు సగం ఇచ్చి, మిగతాది పట్టుకుని ప్లీడరుగారింటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. కొట్టు తెరిచి ఉందని కూడా మర్చిపోయాను.

ప్లీడరుగారు గుమ్మంలోకి వచ్చారు. ఎన్నేళ్ళుగా అడగాలనుకున్న ప్రశ్న ఎదురుగా నిలబడి ఉంది. అడిగితే వచ్చేది మళ్ళీ మర్యాదే కదా. చివరికి, "కూర్చో. ఎండగా ఉంది" అన్నారు.

సత్తియ్య అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాడు. అడక్కుండానే తనే మొదలెట్టాడు.

"ఒకటి చెప్పుకుందామని వచ్చానండి. ఆ రోజు వచ్చింది భయమో కోపమో నాకు తెలీలేదండి. చేతిలో గెడ ఉంది, కొట్టాను. తమరడిగాక కోపమే అనుకున్నాను. జైల్లో ఎవరడిగినా కోపమనే చెప్పాను. చెప్పీ చెప్పీ ఇప్పుడు ఆ మనిషి తలపుకొస్తే నిజంగా కోపమే వస్తోందండి. చచ్చిపోయినోడి మీద కోపం తప్పు కదండీ. వాళ్ళ పిల్లలు గట్టు మీద కనపడుతుంటారు. ఇది పోయే దారేదన్నా తమరికి తెలుసుంటుందని."

వరండాలో గోడల నిండా ఆ దారి గురించే పుస్తకాలు. గ్రీకులవి, మనవి, బౌద్ధులవి. కోపం పోయే ఉపాయాలు నాకే పదీ పదిహేనూ వచ్చు. ప్లీడరుగారు ఆ అరల వైపు చూశారు. మెట్టు దిగి వచ్చి సత్తియ్య పక్కన కూర్చున్నారు. ఆయన మెట్టు మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నాకు తెలీదు సత్తియ్యా" అన్నారు.

సత్తియ్య తల ఊపాడు. "సరేనండి" అన్నాడు.

రెండోసారి అడగలేదు. అడగడేం? అడిగి ఉంటే ఆయన ఏదో ఒకటి చెప్పి ఉండేవారు, మూడోసారి అడిగితే కచ్చితంగా. కానీ పెద్దవారు తెలీదన్నాక మళ్ళీ అడిగితే ఇబ్బంది పెట్టినట్టని అతని పెంపకం. తామరాకులు గుమ్మం పక్కన పెట్టి, దండం పెట్టి, సందు మలుపు తిరిగాడు. ప్లీడరుగారు చీకటి పడేదాకా ఆ మెట్టు మీంచి లేవలేదు. అక్కగారు ఆయన్ని భోజనానికి రమ్మని పిలిచింది, తింటావా అని అడగలేదు. ఆ ఆకుల్లోనే వడ్డించింది. ఆయన తిన్నారో లేదో నేను చూడలేదు, కొట్టు గుర్తొచ్చి పరుగెత్తాను.

ఆ తరవాత కొన్నేళ్ళకి ఆయన పోయినప్పుడు సత్తియ్య వచ్చాడు. పాడె మోసే నలుగురిలో చోటు దొరకదని తెలిసి, అందరి వెనకాల నడిచాడు. అతని మొహంలో ఉన్నది ఏమిటని నేను అడగలేదు. ఈ విషయంలో నాకు ఆ మాత్రం చదువు వచ్చింది.

ఇప్పుడు నా సంగతి. ఆ రోజు పెరుగు ఆకులో వేయించుకుని నేను అన్న మాట నిజమే. అక్షరం తప్పు లేదు. సత్తియ్య భార్య స్తంభం పక్కన నిలబడ్డ తీరు చూసినవాడెవడైనా అంటాడు. కానీ అందులో వరండాలో నవ్విన నలుగురి నవ్వు ఎంత ఉంది? "అది అసూయ" అన్న మాటకి బదులు తీర్చుకోవడం ఎంత ఉంది? ఆయన వేళ్ళు మణికట్టు మీంచి జారినప్పుడు నా లోపల ఏదో చల్లబడింది. అది న్యాయం జరిగిన చల్లదనమా, ఇంకోటా?

ఆస్పత్రి మంచం మీద నన్ను నేను అడిగాను. సత్తియ్య కోసమే అన్నావా? సత్తియ్య కోసమే అన్నాను. మళ్ళీ అడిగాను, నిజంగా సత్తియ్య కోసమేనా? అవును, సత్తియ్య కోసమే.

మూడోసారి అడగలేదు. నేనూ ఈ ఊరివాణ్ణే.